కలిసి కడితే హద్దు పోదు

"సార్, ఆ కాగితం మీద సంతకం పెడితే హద్దు వాళ్లదేనని ఒప్పుకున్నట్టే కదా?" కర్నూలులో ఆర్కిటెక్టుగా ఈ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చింది. దారి కావచ్చు, ప్రహరీ కావచ్చు, రెండు పక్షాలు కలిసి కట్టాల్సి వచ్చిందంటే మొదట లేచేది ఇదే. దేశాల సరిహద్దుల్లోనూ ఇదే భయం ఎన్నో పనులను ఆపేస్తుంది.

అపోహ: ఉమ్మడి కట్టడానికి ఒప్పుకుంటే హక్కు వదులుకున్నట్టే.

వాస్తవం: నికోసియాను చూడండి. 1974లో సైప్రస్ ద్వీపం దక్షిణాన గ్రీకు, ఉత్తరాన టర్కిష్ సమాజాలుగా చీలిపోయినప్పుడు, దాని రాజధాని ఈ నికోసియా నడిమధ్యన ఐక్యరాజ్యసమితి కాపలా కాసే గీత దాటరాని హద్దయింది. మురుగునీటి శుద్ధి కేంద్రం ఉత్తరాన, టర్కిష్ సైప్రియట్ల వైపు ఉండిపోయింది. మురుగుకు సరిహద్దు ఏం తెలుసు! 1978లో రెండు వైపుల నగర పెద్దలు లెల్లోస్ దిమిత్రియాదిస్, ముస్తఫా అకింజి దీని మీద ఒక మాటకు వచ్చారు. ఒకరి పాలనను మరొకరు గుర్తించని పరిస్థితి అది. అందుకే ఆ తర్వాత నగరం మొత్తానికి ఒకే మాస్టర్ ప్లాన్ తలపెట్టినప్పుడు ప్రభుత్వాల పేరు ఎత్తకుండా, రెండు సమాజాల ప్రతినిధులుగా, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆధ్వర్యంలో కూర్చున్నారు. 2008లో రెండు సమాజాల వాళ్లతో ఏర్పడిన వారసత్వ సంపద సాంకేతిక కమిటీదీ ఇదే పద్ధతి. ఉత్తరాన అపోస్టోలోస్ ఆండ్రియాస్ అనే క్రైస్తవ మఠానికీ, దక్షిణాన కొన్ని మసీదులకూ మరమ్మతులు చేయించింది. దీనివల్ల ఎవరి వాదనా అంగుళం కూడా తగ్గలేదు. సైప్రస్ సమస్య ఇప్పటికీ తేలలేదు, అది వేరే సంగతి.

మా జిల్లాలో రెండు ఊళ్ల పొలిమేరలో ఒక పీర్ల చావిడి ఉంది. పండుగకు రెండు ఊళ్ల హిందువులూ ముస్లింలూ అక్కడే చేరతారు. మిద్దె కారుతున్నా, స్థలం ఏ ఊరిదో తేలలేదని మరమ్మతు ఆపేశారు. "మా తాతలనాటి జాగా, నా చేతులతో పోగొట్టలేను సార్" అన్నాడు ఒక పెద్దాయన. ఆయన్ను తప్పు పట్టను. రికార్డులో ఒక్క అక్షరం తేడా వచ్చి భూమి పోగొట్టుకున్నవాళ్లు ఇక్కడ ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. నా కోపమంతా టీకొట్టు దగ్గర కూర్చుని, సంతకం పెడితే ఊరే పోతుందని ప్రచారం చేసినవాళ్ల మీద. చివరికి ఒక వకీలు చేత ఒప్పందంలో ఒక వాక్యం రాయించాం: ఈ మరమ్మతు వల్ల పొలిమేర మీద ఏ ఊరి హక్కుకూ లాభం గానీ నష్టం గానీ కలగదు. రెండు ఊళ్ల వాళ్లూ సంతకాలు పెట్టారు. హద్దు కేసు ఇంకా నడుస్తూనే ఉంది. మిద్దె మాత్రం కారడం లేదు. ఆ వాక్యం లేకుండా సంతకం పెట్టమని నేను ఎవరికీ చెప్పను. మీరూ మీ వకీలుకు చూపించకుండా పెట్టకండి.

అపోహ: పెద్ద చిహ్నం కడితే మనసులు కలుస్తాయి.

వాస్తవం: బోస్నియాలోని మోస్తార్‌లో క్రొయేట్లకూ బోస్నియాక్ ముస్లింలకూ జరిగిన యుద్ధంలో 1993లో కూల్చిన పాత వంతెనను 2004లో అద్భుతంగా తిరిగి కట్టారు. అదే నగరంలో 2008 నుంచి 2020 దాకా మున్సిపల్ ఎన్నికలే జరగలేదు. రాళ్లు అతికినంత తేలిగ్గా ఊరు అతకదు. బెర్లిన్ గోడ జాగాలో 2000లో కట్టిన సయోధ్య ప్రార్థనాలయం చిన్నదే. 1985లో తూర్పు జర్మనీ పేల్చేసిన చర్చి శిథిలాల ముక్కలను మట్టిలో కలిపి గోడలు దిమ్మిస కొట్టి కట్టారు. మన మట్టి మిద్దెలు చూసినవాళ్లకు ఆ గోడ పరాయిదిగా అనిపించదు.

అపోహ: ఒకసారి తెరిస్తే ఇక తెరిచినట్టే.

వాస్తవం: 2018లో ఉత్తర కొరియాలోని కేసాంగ్‌లో తెరిచిన ఉభయ కొరియాల సంప్రదింపుల కార్యాలయాన్ని 2020లో ఉత్తర కొరియా పేల్చేసింది. మన సిక్కు యాత్రికులు పాకిస్తాన్‌లోని గురుద్వారాకు వెళ్లడానికి 2019 నవంబరులో తెరిచిన కర్తార్‌పూర్ కారిడార్ కోవిడ్‌తో మూతపడి, 2021లో తెరుచుకుని, 2025 మేలో మళ్లీ ఆగిపోయింది. కట్టడం చెడిపోయి కాదు.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లను డిజైను సంగతి తర్వాత అడుగుతాను. తాళం ఎవరి దగ్గర ఉంటుంది? కరెంటు బిల్లు ఎవరి పేరిట వస్తుంది? రెండేళ్ల తర్వాత సున్నం ఎవరు వేయిస్తారు? ఇవి రెండు పక్షాలూ కలిసి రాసుకొని వస్తే, ప్లాను గీయడం నాకు పెద్ద పని కాదు.