ఎనిమిది వేస్తే లైసెన్స్... మరి బ్రేకు?

నాకు బండి నేర్పింది మా బాబాయి. స్కూలు గ్రౌండులో, రెండు సాయంత్రాల్లో. వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తుతూ ఒకటే మాట: "ముందు బ్రేకు ముట్టుకోకురా, పల్టీ కొడతావు." మూడో రోజు నుంచి నేను రోడ్డు మీదే. నాలాగే నేర్చుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉంటారో లెక్కపెట్టలేం.

బాబాయి ప్రేమతోనే చెప్పాడు గానీ ఆ మాట తిరగేసి ఉంది. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని కాలితో గట్టిగా తొక్కితే అది ఆపదు, జారుతుంది. పొడి తారురోడ్డు మీద బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారిగా నొక్కేయకుండా వేళ్లతో క్రమంగా బిగించాలి. మలుపులో ఇసుక ఉంటే మాత్రం అసలు జోలికి పోకూడదు. ఇదంతా చేతికి అలవాటు కావాలి, చెబితే వచ్చేది కాదు.

ఈ జబ్బు మనదొక్కటే కాదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో జరిగిన 900 మోటార్ సైకిల్ ప్రమాదాలను ఆ స్థలాలకే వెళ్లి పరిశీలించింది. 1981లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం ప్రమాదానికి గురైన రైడర్లలో 92 శాతం మంది పద్ధతిగా ఎక్కడా నేర్చుకోలేదు. సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. ఆపద ఎదురైనప్పుడు వాళ్లు ఎక్కువగా చేసిన తప్పు, వెనక బ్రేకు గట్టిగా తొక్కి జారిపోవడం, ముందు బ్రేకును చాలినంత వాడకపోవడం. మా బాబాయి పాఠం అక్కడా ఉందన్నమాట! బ్రిటన్‌లో 1990 డిసెంబరు నుంచి, కొత్తవాళ్లు ప్రాథమిక శిక్షణ పూర్తిచేయకుండా రోడ్డెక్కకూడదు. అక్కడి పరీక్షలో గంటకు 50 కిలోమీటర్ల వేగంలో వస్తూ బండిని ఠక్కున ఆపి చూపించాలి.

మన దగ్గర కథ తల దగ్గర మొదలై తల దగ్గరే ఆగింది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమాల్లో 498-ఎ అనే నిబంధన హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ఇది నా సంచార స్వేచ్ఛకు అడ్డు అంటూ ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఒకవేళ అది ఆంక్షే అనుకున్నా, ప్రజల మేలు కోసం పెట్టిన సమంజసమైన ఆంక్షే అని 1988లో కోర్టు ఆ వాదనను కొట్టేసింది. అదే ఏడాది చేసిన మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది, దాని 129వ సెక్షన్‌తో హెల్మెట్ దేశమంతటికీ వర్తించింది. 2019 సవరణతో జరిమానా వెయ్యి రూపాయలైంది, మూడు నెలలు లైసెన్స్ రద్దు కూడా దానికి తోడైంది. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ అమ్మడమే నేరం.

హెల్మెట్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దానివల్ల చావు ముప్పు సుమారు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పు 69 శాతం తగ్గుతాయని అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష తేల్చింది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో టూవీలర్ల మీద చనిపోయినవాళ్లు 74,897 మంది. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు, వెనక కూర్చున్నవాళ్లతో కలిపి, 50,029 మంది. ఇంత జరుగుతున్నా ట్యాంకు మీద ఉన్న హెల్మెట్ పోలీసు కనపడితేనే తల మీదికి వస్తుంది. అది వేరే సంగతి.

కానీ హెల్మెట్ పని పడ్డాక మొదలవుతుంది. పడకుండా చూసుకోవడం నేర్పే పని ఎవరిదన్న ప్రశ్న మన చట్టంలో నలిగిపోయింది. 1989 కేంద్ర నియమాల్లో, అత్యవసరంగా బండి ఆపగలగాలన్న మాట డ్రైవింగ్ పరీక్ష నిబంధనలోనే ఉంది. ఆర్టీఓ మైదానంలో మాత్రం అడిగేది ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పమనే. కాలు కింద పెట్టకుండా నడక వేగంలో తిప్పితే పాస్. డ్రైవింగ్ స్కూళ్లకు వెళితే కారు నేర్పుతారు, బైక్ నేర్పమంటే మీ ఇంట్లో ఎవరూ లేరా అన్నట్టు చూస్తారు.

చివరికి సర్కారు బండికే బుద్ధి పెట్టింది. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ దాటితే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతకు లోపైతే ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకూ పడే ఏర్పాటు ఉండాలన్నారు. మంచి పనే. కాకపోతే అంతకుముందు కొన్న బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

శిక్షణ ఇస్తే ప్రమాదాలు తగ్గిపోతాయని ఢంకా బజాయించి చెప్పలేం. 2010లో 23 అధ్యయనాలను జల్లెడ పట్టిన ఒక సమీక్ష, అవి బలహీనంగా ఉన్నాయి కాబట్టి ఏదీ తేల్చలేమంది. ఒక పూట క్లాసుతో పొగరు పెరిగినా పెరగవచ్చు. కానీ అత్యవసరంగా ఆగడం ఒక్కసారి కూడా ప్రాక్టీసు చేయని మనిషికి లైసెన్స్ ఇవ్వడాన్ని ఆ సమీక్షతో సమర్థించుకోలేం కదా.

ఈ మధ్య బాబాయి కొడుకుని అదే గ్రౌండుకి తీసుకెళ్లాను. పాత బండి, ముప్ఫై స్పీడు, ఒక ఇటుకరాయి గుర్తు. మొదట వెనక బ్రేకు ఒక్కటే వేయమన్నాను, మట్టిలో పొడుగ్గా టైరు చార పడింది. పది పన్నెండుసార్లు ప్రాక్టీసు చేయించాక రెండూ కలిపి బిగించాడు, నాలుగైదు అంగలు ముందే ఆగిపోయాడు. "నాన్నకి చెప్పకు" అన్నాడు నవ్వుతూ. మరుసటి వారం లైసెన్స్ టెస్టులో వాణ్ని ఎనిమిదే వేయమన్నారు.