ముడి చమురు పొగ: ముందే తెలిసిన ముప్పు

పెట్రోలు, డీజిలు పొగ వల్ల గాలి ఇంతగా పాడైందన్న మాట వచ్చినప్పుడల్లా చాలామంది ఒకే సమాధానం చెబుతారు. 'అప్పట్లో ఎవరికి తెలుసు?' అని. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ, చరిత్ర తిరగేస్తే ఆ మాట నిలబడదు. చమురు వల్ల వచ్చిన పెద్ద హానుల్లో చాలావాటిని ఎవరో ఒకరు ముందే పసిగట్టారు. గుసగుసగా కాదు, సభల్లో నిలబడి చెప్పారు. అలా చెప్పాక ఏం జరిగిందన్నదే ఈ కథనం.

చమురు వ్యాపారం పుట్టినరోజుగా 1859 ఆగస్టు 27ను చెబుతారు. ఆ రోజు అమెరికాలోని పెన్సిల్వేనియాలో, టైటస్‌విల్ అనే చిన్న ఊళ్లో ఎడ్విన్ డ్రేక్ తవ్విస్తున్న బావిలో దాదాపు 69 అడుగుల లోతున చమురు పడింది. కాస్పియన్ సముద్రం ఒడ్డున బాకూలో అంతకుముందే బావులు తవ్వారు కాబట్టి ఇదే మొదటిదనడానికి లేదు. అయితే పెట్టుబడిదారుల పరుగు మాత్రం ఇక్కడి నుంచే మొదలైంది. వాళ్లకు కావలసింది కిరసనాయిలు. తిమింగలం నూనె ఖరీదైపోయింది, దీపాలకు చవకైన నూనె కావాలి. ముడి చమురును కాచి కిరసనాయిలు తీస్తుంటే వెంట వచ్చే పెట్రోలు అప్పట్లో ఎవరికీ అక్కర్లేని సరుకు. ఇట్టే అంటుకుంటుందన్న భయంతో దాన్ని వాగుల్లో పారబోసేవాళ్లు.

అదే 1859లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త ఏ వాయువు ఎంత వేడిని పట్టి ఉంచుతుందో కొలవడం మొదలుపెట్టారు. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వేడిని పట్టేస్తాయని తేల్చారు. ఆయనకన్నా మూడేళ్ల ముందే, 1856లో, అమెరికాకు చెందిన యూనిస్ ఫుట్ గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి చూశారు. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టమే ఎక్కువ వేడెక్కింది. గాలిలో ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని ఆమె అప్పుడే రాశారు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ ఏకంగా లెక్క కట్టారు. గాలిలో ఈ వాయువు రెట్టింపైతే భూమి సుమారు 5 నుంచి 6 డిగ్రీలు వేడెక్కుతుందన్నారు. చలి దేశపు మనిషి కాబట్టి కాబోలు, ఆయన దాన్ని ప్రమాదంగా చూడలేదు. అప్పట్లో గాలిలోకి పొగ వదులుతున్నది ముఖ్యంగా బొగ్గు. చమురు వంతు ఇంకా రాలేదు.

చమురు పొగలో ఏముంటుందో ఇక్కడే చెప్పుకుంటే తర్వాతి కథ తేలిగ్గా అర్థమవుతుంది. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన సూక్ష్మజీవులు అడుగున బురదలో పూడుకుపోయి, ఒత్తిడికీ వేడికీ మారగా ఏర్పడిందే ముడి చమురు. ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్ కలిసిన రకరకాల అణువుల (హైడ్రోకార్బన్ల) మిశ్రమం అది. రిఫైనరీలో కాచినప్పుడు తేలికైనవి ముందు, బరువైనవి తర్వాత విడిపోతాయి. గ్యాసు, పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు, ఓడల్లో వాడే చిక్కటి నూనె, చివరికి రోడ్లకు వేసే తారు, అన్నీ ఆ ఒక్క చమురులోవే.

వీటిని మండిస్తే వచ్చే చెడు అంతా ఒక రకం కాదు. కొంత మనం ఇంధనంలో కలిపినందువల్ల వస్తుంది, సీసం అలాంటిదే. కొంత చమురులోనే పుట్టుకతో ఉంటుంది, గంధకం అలా వస్తుంది. ఇంకొంత మంట తీరు వల్ల పుడుతుంది. సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్, మసి. మరీ వేడిగా కాలితే గాలిలోని నైట్రోజనే ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతుంది. నాలుగోది వేరు. ఎంత శుభ్రంగా కాల్చినా కార్బన్ డయాక్సైడ్ రాక తప్పదు, ఎందుకంటే మండటం అంటేనే అది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో బరువుంటుంది. కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందులోని ప్రతి కార్బన్ పరమాణువూ గాలిలోంచి రెండు ఆక్సిజన్ పరమాణువులను లాక్కుంటుంది కాబట్టి బరువు అంత పెరుగుతుంది.

పారబోసిన పెట్రోలుకు విలువ తెచ్చింది కారు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్నారు, 1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చింది. 1913లో విలియం బర్టన్ బరువైన నూనెను విరగ్గొట్టి పెట్రోలుగా మార్చే పద్ధతి కనిపెట్టడంతో ఒక్కో పీపా నుంచి దాదాపు రెట్టింపు పెట్రోలు రావడం మొదలైంది. సరుకుకు కొదవ లేదు, కార్లకు అడ్డు లేదు. మిగిలింది ఒక్క ఇబ్బంది. ఎక్కువ శక్తి కోసం ఇంజిన్‌లో ఒత్తిడి పెంచితే పెట్రోలు సమయానికి ముందే అంటుకుని, ఇంజిన్ లోపల టకటక కొట్టుకునేది.

దీనికి మందు 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీకి దొరికింది. అదే టెట్రా ఇథైల్ లెడ్. చాలా కొద్దిగా కలిపితే చాలు, చప్పుడు ఆగిపోయేది. ఆల్కహాల్ కలిపినా ఆ పని జరుగుతుందని అప్పటికే తెలుసు. కానీ ఆల్కహాల్ మీద ఎవరికీ పేటెంట్ రాదు, సీసం మీద వస్తుంది. ఇక సీసం విషమన్నది కొత్త సంగతేమీ కాదు. 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి రంగుల్లో తెల్ల సీసం వాడకాన్ని కట్టడి చేస్తూ ఒప్పందం చేసింది. గోడకు పూసే సీసం ప్రమాదమని ప్రపంచం ఒప్పుకున్న ఏడాదే, వీధిలో పొగగా వదిలే సీసానికి పునాది పడింది. 1923 ఫిబ్రవరిలో ఒహాయోలోని డేటన్‌లో ఆ పెట్రోలు అమ్మకం మొదలైంది. దాని పేరు 'ఇథైల్'. ఆ పేరులో సీసం అన్న మాట లేదు.

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ మందు తయారుచేసే కార్మికులకు మతి చలించింది. లేనివి కనిపించాయి, కొందరిని కట్టి పట్టుకోవలసి వచ్చింది. ఐదుగురు చనిపోయారు, 30 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఆ నెలాఖరున మిడ్జ్‌లీ విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చి చూపించారు. ఆయన అంతకుముందే సీసం విషంతో జబ్బుపడి చికిత్స తీసుకున్న మనిషి.

1925 మేలో వాషింగ్టన్‌లో ప్రభుత్వం ఒక సమావేశం పెట్టింది. నా లెక్కలో చమురు పొగ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన రోజు అదే. హార్వర్డ్‌కు చెందిన ఆలిస్ హామిల్టన్, కార్మికుల జబ్బుల మీద అప్పటికే పేరున్న వైద్యురాలు, సీసం ఎక్కడ వాడినా దాన్ని అదుపు చేయడం అసాధ్యమని, వేరే దారి వెతకమని చెప్పారు. కంపెనీ ప్రతినిధి ఈ మందును దేవుడిచ్చిన వరంగా వర్ణించారు. ఆ తర్వాత వేసిన కమిటీ కొద్ది నెలల్లో పరీక్షలు ముగించి, నిషేధించడానికి తగిన కారణాలు లేవని 1926లో చెప్పింది. వాడకం పెరిగితే మళ్లీ పరిశీలించాలని కూడా అదే కమిటీ రాసింది. వాడకం పెరిగింది, ఆ పరిశీలన బాధ్యత మాత్రం పరిశ్రమ డబ్బుతో నడిచే ప్రయోగశాలకు చేరింది. దానికి పెద్ద రాబర్ట్ కీహో. హాని ఉందని మీరు రుజువు చేయండి, అప్పుడు ఆపుతాం అన్నది ఆయన వాదన. రుజువు భారం పొగ వదిలేవాడి మీంచి పీల్చేవాడి మీదికి మారిపోయింది. దాదాపు 40 ఏళ్లు అలాగే నడిచింది.

ఈలోగా కార్ల పొగ మరో రూపంలో బయటపడింది. 1943 జులైలో లాస్ ఏంజెలెస్‌ను ఒక ఘాటైన మబ్బు కమ్మింది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధకాలం కదా, శత్రువులు విషవాయువు వదిలారేమోనని జనం హడలిపోయారు. ముందు ఒక కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీని అనుమానించి మూయించారు. మబ్బు మళ్లీ వచ్చింది. అసలు గుట్టు విప్పింది ఆరీ హాగెన్ స్మిట్. ఈయన కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో అనాసపండు వాసన ఎక్కడినుంచి వస్తుందో పరిశోధించే రసాయన శాస్త్రజ్ఞుడు. పండు వాసన పట్టే పరికరాలతోనే నగరం గాలిని పట్టి చూశారు. కార్లు, రిఫైనరీల నుంచి వచ్చే కాలని హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండ తగిలి ఓజోన్‌గా మారుతున్నాయని 1950ల మొదట్లో తేల్చారు. అంటే గొట్టంలోంచి వచ్చిన పొగ గాలిలో మరో విషంగా మారుతోంది.

చమురు కంపెనీల డబ్బుతో పనిచేసిన మరో సంస్థ ఆయన నిర్ణయాన్ని కొట్టిపారేయబోయింది. ఆయన పట్టుబట్టి మరిన్ని ప్రయోగాలు చేశారు. 1953లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రతినిధి కెన్నెత్ హాన్ ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాస్తే, కార్ల పొగ గాలిలో త్వరగా చెదిరిపోతుంది, దాంతో సమస్య లేదని జవాబు వచ్చింది. పొగ తగ్గించే పరికరాలు రాకుండా కార్ల కంపెనీలు కుమ్మక్కయ్యాయని 1969లో అమెరికా ప్రభుత్వమే కేసు పెట్టింది. అది రాజీ ఒప్పందంతో ముగిసింది.

సీసం కథ మలుపు తిప్పినవాడు అసలు సీసం కోసం వెతికినవాడు కాదు. క్లెయిర్ ప్యాటర్సన్ భూమి వయసు కొలిచిన శాస్త్రవేత్త. ఆయన కొలతలకు ఎక్కడ చూసినా సీసం అడ్డొచ్చేది, గాలిలో, దుమ్ములో, ప్రయోగశాల నీళ్లలో. ఇదెక్కడిదని వెతుకుతూ సముద్రాల్లోకి, ధ్రువ ప్రాంతాల మంచులోకి వెళ్లారు. సముద్రం పైనీళ్లలో ఎక్కువ, లోతుల్లో తక్కువ. పాత మంచులో తక్కువ, కొత్త మంచులో ఎక్కువ. మనుషుల ఒంట్లో సీసం సహజంగా ఉండవలసిన దానికి సుమారు 100 రెట్లు ఉందని 1965లో ప్రకటించారు. ఇది మామూలే, అందరి ఒంట్లోనూ ఉండేదే అన్న కీహో వాదన దీంతో కూలిపోయింది. అందరిలో ఉన్నంత మాత్రాన అది సహజమైపోదు కదా. ప్యాటర్సన్‌కు వస్తున్న పరిశోధన నిధులు మాత్రం కొన్ని ఆగిపోయాయి.

సీసాన్ని చివరికి దించింది ఒక యంత్రభాగం. 1970లో చేసిన గాలి కాలుష్య చట్టం ప్రకారం 1975 నుంచి అమెరికా కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్లు, అంటే పొగలోని విషాలను తగ్గించే పరికరాలు పెట్టారు. సీసం తగిలితే అవి పాడవుతాయి. అందుకని సీసం లేని పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. 1976, 1980 మధ్య అమెరికన్ల రక్తంలో సీసం మూడో వంతుకు పైగా తగ్గింది, పెట్రోల్లో తగ్గుతున్న కొద్దీ రక్తంలోనూ తగ్గుతూ వచ్చింది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ పిల్లల పాలపళ్లలో సీసం కొలిచి, ఎక్కువ ఉన్నవాళ్లు తెలివితేటల పరీక్షల్లో వెనకబడుతున్నారని చూపించారు. ఒక్కో దేశమే మానుకుంటూ వచ్చింది. ఆఖరున అల్జీరియా 2021 జులైలో ఆపింది. డేటన్‌లో తొలి అమ్మకం నుంచి 98 ఏళ్లు.

గంధకం కథ పొట్టిది. ఐరోపా చిమ్నీల పొగ స్కాండినేవియా సరస్సుల్లో ఆమ్ల వర్షమై పడుతోందని 1960ల చివర్లో స్వాంటే ఓడెన్ చెప్పారు, 1979లో దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. రిఫైనరీలో హైడ్రోజన్ సాయంతో గంధకం తీసేయడం సాధ్యమే, ఖర్చు ఎవరిదన్నదే గొడవ. ఓడల నూనెలో 3.5 శాతం దాకా ఉండనిచ్చిన గంధకాన్ని 2020 జనవరి 1 నుంచి 0.5 శాతానికి దించారు. డీజిలు పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లో తేల్చి చెప్పింది. మూడేళ్లకే, 2015లో, ఫోక్స్‌వాగన్ సుమారు కోటి పది లక్షల డీజిల్ కార్లలో పరీక్ష సమయంలో మాత్రమే పొగ తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్ పెట్టిందని బయటపడింది.

ఇక మిగిలింది నాలుగోది, కార్బన్ డయాక్సైడ్. 1938లోనే గై క్యాలెండర్ అనే ఇంజినీరు పాత ఉష్ణోగ్రతల లెక్కలు పోగుచేసి భూమి వేడెక్కుతోందని చూపించారు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద ఈ వాయువును కొలవడం మొదలుపెట్టారు. అప్పుడు గాలిలో పది లక్షల పాళ్లలో 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. 1959లో చమురు పరిశ్రమ నూరేళ్ల పండుగ సందర్భంగా న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సభ జరిగింది. అక్కడ ఎడ్వర్డ్ టెల్లర్, హైడ్రోజన్ బాంబు తయారీలో ముఖ్యుడు, చమురు పెద్దల ఎదుటే ఈ వాయువు పెరిగితే మంచు కరిగి తీర నగరాలు మునుగుతాయని హెచ్చరించారు. 1977లో ఎక్సాన్ అనే అమెరికా చమురు సంస్థ సొంత శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ తన యాజమాన్యానికి అదే చెప్పారు. ఆ సంస్థలో అప్పట్లో వేసిన అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో ఒక అధ్యయనం తేల్చింది. బయటికి మాత్రం 1990లంతా వినిపించింది పాత మాటే. ఇంకా రుజువు కావాలి, తొందరపడొద్దు.

సీసంతో పోలిస్తే ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. సీసం తీసేసినా పెట్రోలు అమ్ముకోవచ్చు. గంధకం తీసేసినా డీజిలు అమ్ముకోవచ్చు. కార్బన్ తీసేస్తే అమ్మడానికి ఇంధనమే మిగలదు. పొగగొట్టానికి బిగించే ఏ పరికరమూ ఈ చిక్కు తీర్చలేదు. ప్రపంచం ఇవాళ రోజుకు సుమారు 10 కోట్ల పీపాల చమురు వాడుతోంది, పీపా అంటే 159 లీటర్లు. అందులో సగానికి పైగా ప్రయాణాలకూ సరుకు రవాణాకూ ఖర్చవుతోంది.

ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం 1992లో కుదిరింది. అన్ని శిలాజ ఇంధనాల నుంచీ పక్కకు జరగాలన్న మాట సభ్యదేశాల సదస్సు తీర్మానంలోకి ఎక్కింది మాత్రం 2023 డిసెంబరులో, దుబాయ్‌లో. మధ్యలో 31 ఏళ్లు. సీసం మీద 1985లో అమెరికా ఇచ్చిన ఉత్తర్వులో గ్యాలనుకు 1.1 గ్రాముల నుంచి 0.1 గ్రాముకు 1986 జనవరి 1 కల్లా దించాలని రాసి ఉంది. ఓడల గంధకానికీ అలాగే అంకె ఉంది, తేదీ ఉంది. దుబాయ్ తీర్మానంలో 2050 నాటికి నికర ఉద్గారాలు సున్నా కావాలని ఉంది. ఏ ఏటికి ఎన్ని పీపాలు తగ్గించాలో మాత్రం అందులో లేదు.