మూడు పదార్థాలకు ఒకే పేరు: సున్నం

సున్నం అన్న మాటకు మూలం సంస్కృతంలోని ‘చూర్ణం’, అంటే పొడి. అయితే బట్టీ నుంచి దించిన సున్నం పొడిగా ఉండదు. చూపుకు రాయిలా, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా అనిపించే తెల్లటి గుల్లగా ఉంటుంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి, 100 కిలోల స్వచ్ఛమైన రాయికి 56 కిలోల కాల్షియం ఆక్సైడ్ మాత్రమే మిగులుతుంది కనుక ఆ తేలికదనం.

ఆ గుల్ల మీద నీళ్లు పోస్తే ముందు చుయ్యిమంటుంది, తర్వాత పగుళ్లిచ్చి ఉబ్బుతుంది, పొయ్యి లేకుండానే కుతకుత ఉడుకుతూ ఆవిరి కక్కుతుంది. చివరికి మిగిలే మెత్తని ముద్ద కాల్షియం హైడ్రాక్సైడ్. తమలపాకుకు రాసేదీ, గోడకు వెల్ల వేసేదీ ఇదే. గోడకెక్కాక ఇది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పట్టుకుని తిరిగి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే బట్టీలో వేసిన రాయిలోని పదార్థంగానే మారుతుంది. రసాయనశాస్త్రం మూడు పేర్లు పెట్టిన ఈ మూడింటినీ తెలుగు సున్నమనే అంటుంది, ఆ పిలుపులో తప్పేమీ లేదనే నా అభిప్రాయం. ‘సున్నంలోకి ఎముక లేకుండా కొడతా’ అనే బెదిరింపు మాత్రం రసాయనశాస్త్రానికి నిలవదు. ఎముకలో ప్రధానంగా ఉండేది కాల్షియం ఫాస్ఫేట్, దాన్ని కాల్చినా సున్నం కాదు.

గాలి తగిలితేనే గట్టిపడే ఈ సున్నం బావులకూ చెరువు తూములకూ చాలదు. అందుకే పాతకాలపు మేస్త్రీలు అందులో సుర్కీ, అంటే కాల్చిన ఇటుకల పొడి, కలిపేవారు. ఆ పొడిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి నీటిలోనూ గట్టిపడే పదార్థాలను తయారు చేస్తాయి. ఎద్దులు తిప్పే గానుగలో రాతి చక్రం కింద ఇసుకతో కలిపి నలిపిన సున్నాన్ని డంగు సున్నం అన్నారు. 1591 నాటి చార్మినార్ నిలిచి ఉన్నది సున్నపు కట్టుబడి మీదే.

అటువంటి పాత గోడకు మరమ్మతు పేరిట సిమెంటు పూయడం మంచిది కాదు. సున్నపు పూత లోపలి తేమను బయటికి వదులుతుంది; దట్టమైన సిమెంటు పూత దాన్ని అడ్డుకోవడంతో చెమ్మ వెనకే నిలిచి, ఉప్పు పేరుకుని, ఇటుక పొడిపొడిగా రాలుతుంది, కొన్నేళ్లకు పైపూత పెచ్చులుగా ఊడిపడుతుంది.