ఎర్ర దీపం వెలగగానే ఇంజిన్ విప్పకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

పాత కారులో ఆయిల్ దీపం వెలిగితే ఏం చెయ్యాలని అడిగారు. వెంటనే చెయ్యాల్సింది ఒక్కటే: బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్యడం. ఇంటిదాకా పోనిద్దాం అనుకున్నారంటే ఆ కాస్త దూరంలోనే బేరింగులు పాడై, వాటిలో తిరిగే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద గీతలు పడతాయి. ఆపేశాక ఇక తొందరేం లేదు. నేను రాసేదంతా ఆ తీరికలో చేసే పనే.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఆ దీపం వెలిగేది ఆయిల్ ప్రెషర్ పడిపోయినప్పుడు. ఆ ప్రెషర్‌ని పంపు పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. పంపు ఆయిల్‌ని తోస్తుంది, అంతే. ఆ ఆయిల్ బయటపడే దారి ఇరుకుగా ఉంటేనే ప్రెషర్ నిలుస్తుంది. ఇంజిన్‌లో ఆ ఇరుకు దారి క్రాంకుకీ బేరింగుకీ మధ్య ఉన్న సందు. మామూలు కారు ఇంజిన్‌లో అది సుమారు 0.03 నుంచి 0.06 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. ఆ సందు అరిగి రెట్టింపయితే కారిపోయే ఆయిల్ రెట్టింపుతో ఆగదు, ఎనిమిది రెట్లవుతుంది. సందుల్లోంచి ద్రవం కారడం సందు వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది మరి. వెంట్రుకవాసి అరుగుదల ఇంత రచ్చ ఎందుకు చేస్తుందో ఇప్పుడు తెలిసింది కదా. ఆయిల్ వేడెక్కి పలచబడ్డా ఇదే జరుగుతుంది, సులువుగా జారిపోతుంది.

సరే, పనిలోకి దిగుదాం. బండి సమంగా ఉన్న నేల మీద నిలిపి, ఐదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తియ్యండి. తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూడండి. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ తేడా సుమారు లీటరు. తక్కువుంటే పొయ్యండి, ఎటు పోతోందో తర్వాత వెతుక్కోవచ్చు. ఎక్కువైనా ముప్పే. క్రాంకు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, పంపు ఆ నురగని తోడుకుంటుంది. డిప్‌స్టిక్ చివర చుక్కని వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే ఆయిల్ పలచబడింది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే కూలెంట్ కలిసింది. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ పొయ్యాల్సిన ఇంజిన్‌లో పలచటి 5డబ్ల్యూ-30 పోసినా వేడి మీద ప్రెషర్ పడిపోతుంది.

తర్వాత ఆ దీపాన్నే అనుమానించండి. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం తిప్పితే దీపం వెలగాలి. ఆయిల్ స్విచ్ మీది వైరు లాగితే ఆరాలి. లాగినా వెలుగుతూనే ఉంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, దీపం వెలగడానికి కారణం అదే. ఇంకో మాట: ఈ స్విచ్ మామూలుగా ప్రెషర్ 4 నుంచి 7 పి.ఎస్.ఐ.కి (ప్రెషర్ కొలిచే లెక్క) పడ్డాకే దీపం వెలిగిస్తుంది. కాబట్టి దీపం ఆరినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు.

అందుకే ఆయిల్ ప్రెషర్‌ని నేరుగా చూపే మెకానికల్ గేజ్ పెట్టి కొలవాలి. డాష్‌బోర్డు మీది ముల్లుని నేను సాక్ష్యానికి ఒప్పుకోను. స్విచ్ విప్పి ఆ రంధ్రంలోనే గేజ్ పైపు బిగించండి. మర సరిపోతుందో లేదో చేత్తో తిప్పి చూశాకే స్పానర్ వెయ్యండి. బలవంతం చేస్తే హౌసింగ్ పగులుతుంది. పైపు సైలెన్సర్ మానిఫోల్డుకి గానీ ఫ్యానుకి గానీ తగలకూడదు. తెగితే వేడి ఆయిల్ చిమ్ముతుంది, నిప్పంటుకోవచ్చు.

చల్లగా ఉన్నప్పుడు ఒకసారి రీడింగ్ రాసుకోండి. తర్వాత ఓ ఇరవై నిమిషాలు నడిపి మళ్ళీ స్లోలో (రేస్ ఇవ్వకుండా), 2000 ఆర్.పి.ఎం. (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, 3000 దగ్గర రాసుకోండి. టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే కొలిచెయ్యకండి. అది కూలెంట్ వేడి, ఆయిల్ వేడెక్కడానికి ఇంకాసేపు పడుతుంది. వెయ్యి ఆర్.పి.ఎం.కి 10 పి.ఎస్.ఐ. అన్నది మోటు లెక్క. మీ ఇంజిన్ మాన్యువల్లో ఉన్న అంకే అసలు లెక్క.

ఇప్పుడు ఆ అంకెలు మాట్లాడతాయి. చల్లగా బాగుండి, వేడెక్కాక స్లోలో పడిపోయి, రేస్ ఇస్తే లేస్తుంటే సందులు పెరిగాయి, లేదా ఆయిల్ పలచన. మొదట బాగుండి, రేస్ పట్టి ఉంచేకొద్దీ దిగిపోయి, ఇంజిన్ ఆపి పది నిమిషాలాగితే మళ్ళీ మామూలైతే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్లోని స్ట్రైనర్ (ఆయిల్ వడగట్టే జాలీ) మూసుకుపోతోంది. ఛాంబర్ దింపి చూస్తే మడ్డి గానీ, ఎవరో ధారాళంగా పూసిన గాస్కెట్ పేస్టు తునకలు గానీ జాలీకి అంటుకుని ఉంటాయి. ఛాంబర్ కింద సొట్ట పడి స్ట్రైనర్‌ని నొక్కేసినా ఇదే తంతు. చల్లగా ఉన్నా, రేస్ ఇచ్చినా లేవకపోతే ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంది, లేదా పంపు అరిగింది. ముల్లు వణుకుతుంటే పీల్చే గొట్టం సీలు గట్టిపడి గాలి లాగుతోందేమో చూడండి. స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లే దీపం వెలిగి ఆరిపోతుంటే ముందు ఫిల్టర్ మార్చండి. రాత్రంతా ఆయిల్‌ని ఆపి ఉంచే రబ్బరు వాల్వ్ అందులోనే ఉంటుంది.

రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ కింద వాషర్ వేస్తే ప్రెషర్ పెరుగుతుందని ఎవరో ఒకరు చెప్తారు. వినకండి. స్లోలో ఆ వాల్వ్ ఎలాగూ మూసుకునే ఉంటుంది, వాషర్ అక్కడ చేసేదేం లేదు. చిక్కటి ఆయిల్ పొయ్యడం కూడా అంతే. ముల్లు లేస్తుంది, అరిగింది అరిగినట్టే ఉంటుంది.

పంపు విప్పితే మూత తీసి, గేర్ల మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) ఎంత దూరుతుందో చూడండి. చాలా పంపుల్లో 0.1 మిల్లీమీటరు దాటితే మార్చాలి. తిరిగి బిగించేముందు లోపల ఆయిల్ నింపండి, బేరింగు గ్రీజు మాత్రం కూరకండి.

బేరింగుల సంగతి తేల్చేది ప్లాస్టిగేజ్. సన్నటి మైనపు దారంలాంటిది. బేరింగు, జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంకు భాగం) పొడిగా తుడిచి, జర్నల్ మీద చిన్న ముక్క పొడుగువారగా పెట్టి, బేరింగు మీది క్యాప్‌ని లెక్కప్రకారం టార్క్ రెంచితో బిగించి మళ్ళీ విప్పండి. ఈలోగా క్రాంకు తిప్పారా, దారం నలిగిపోయి కొలత దండగ. ఎంత వెడల్పుగా నలిగిందో కవరు మీది గీతలతో సరిచూస్తే సందు తెలుస్తుంది. ఎక్కువ నలిగితే సందు తక్కువ, తక్కువ నలిగితే ఎక్కువ. క్యాపులు ఒకదానిది ఒకదానికి వెయ్యకండి, తిరగేసి బిగించకండి. బేరింగు బూడిదరంగు పోయి రాగి తేలితే దాని పని అయిపోయింది. జర్నల్ కోలగా అరిగిందేమో మైక్రోమీటరుతో రెండు వైపులా కొలవండి. కోలగా ఉన్న జర్నల్ మీద కొత్త బేరింగులు వేస్తే డబ్బు దండగ, మళ్ళీ అదే దీపం.

అన్నీ బిగించాక వెంటనే స్టార్ట్ చెయ్యకండి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇగ్నిషన్ వైరు తీసేసి, పెట్రోలు రాకుండా ఆపి, సెల్ఫ్‌ని పది సెకన్ల చొప్పున ఆపి ఆపి కొట్టండి. గేజ్ ముల్లు లేచాకే ప్లగ్గులు బిగించండి.

మీ తాతయ్య