పీటలు కనబడే పెళ్లి: అపోహలు - వాస్తవాలు

పెళ్లి కుదరగానే మా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు ఫోన్‌లో ఒక ఫొటో చూపిస్తారు. "ఇలాంటి బ్యాక్‌డ్రాప్ కావాలండీ" అంటారు. ముహూర్తం ఏ వేళకి పెట్టారని అడిగితే, "అది పంతులుగారు చెప్తారు, ముందు దీనికెంతవుతుందో చెప్పండి" అంటారు. రావులపాలెం నుంచి ఇటు అమలాపురం, అటు పాలకొల్లు దాకా పందిళ్లు, మండపాలు వేసే పని మాది. పెళ్లివారు మంచి మనసుతోనే ఖర్చు పెడతారు. ఆ డబ్బు కంటికి ఆనకుండా పోతే మాకూ బాధగానే ఉంటుంది. అలా పోవడానికి కారణమయ్యే అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: ప్లానింగ్ అంటే ముందు మండపం డిజైన్ ఖాయం చేసుకోవడం

ముందు తెలియాల్సింది ముహూర్తం వేళ. మిగతావన్నీ అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. అర్ధరాత్రి దాటాక ముహూర్తమైతే వచ్చినవాళ్లలో ఎక్కువమంది భోంచేసి, చదివింపులు చదివించి పదింటికల్లా వెళ్లిపోతారు. జీలకర్ర బెల్లం వేళకి మిగిలేది దగ్గరివాళ్లే. అలాంటి పెళ్లికి వెయ్యిమందికి కనబడేంత స్టేజీ ఎందుకు? చిన్న మండపం వేసి, మూడు వైపులా దగ్గరగా కుర్చీలు, పెద్దవాళ్లకు నడుం వాల్చడానికి పక్కనే పరుపులు వేస్తే ఆ రాత్రంతా హాయిగా గడుస్తుంది. ఆరుబయట పెళ్లయితే ఇంకో సంగతి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు మోగించకూడదని నిబంధన ఉంది. పాటల కార్యక్రమం ఏదైనా ఉంటే సాయంత్రమే పెట్టుకోవాలి.

పగటి ముహూర్తానిది వేరే లెక్క. పదిన్నరకి ముహూర్తమంటే, పెళ్లికూతురు గౌరీపూజకి కూర్చునే వేళ, అంతకుముందు జడ, దానికి ముందు మంగళస్నానం... ఇలా వెనక్కి వెళ్తే తెల్లవారుజామున మొదలవుతుంది. ఈ వేళలన్నీ పంతులుగారితో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఏ తంతుకి ఎంతసేపు పడుతుందో ఆయనకి తెలిసినంతగా మాకూ తెలియదు, మేకప్‌వాళ్లకీ తెలియదు.

అపోహ: స్టేజీ ఎంత ఎత్తుగా ఉంటే అంత బాగా కనబడుతుంది

నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది ఈ విషయంలోనే. సుముహూర్తమంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. అడ్డుతెరకి అటొకరు ఇటొకరు కూర్చుని, ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి ఉంచుతారు. సన్నాయివాళ్లు గట్టిమేళం అందుకుంటారు. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫర్లు ముందుకొస్తారు, వాళ్ల వెనక వీడియోవాళ్లు, ఆ వెనక ఫోన్లు ఎత్తిపట్టుకుని మేనమామలు, బాబాయిలు. అక్షింతలు వేయడానికి మిగతావాళ్లంతా మెట్లెక్కేస్తారు. కింద కూర్చున్న నాయనమ్మకి కనబడేది వీపులే. మండపానికి ఎన్ని లక్షలు పెట్టినా ఆవిడకి మాత్రం పెళ్లి కనబడలేదు.

ఎత్తు పెరిగేకొద్దీ ముందు వరసలో ఉన్నవాళ్లకి పీటల మీద ఉన్నవాళ్ల చేతులు కూడా కనబడవు. మోకాలెత్తు చాలు. మెట్లు పక్కల నుంచి ఉండాలి, ముందు వైపు పూర్తిగా ఖాళీగా వదిలేయాలి. కెమెరాల చోటు రెండు మూలల్లో ముందే గీత గీసి చూపించాలి. అక్షింతల పళ్లాలు ముహూర్తానికి పావుగంట ముందే కుర్చీల దగ్గరికి తిప్పేస్తే, "ఎక్కడివాళ్లు అక్కడి నుంచే వేయండి" అని పంతులుగారి చేత మైకులో ఒక్క మాట చెప్పించుకోవచ్చు. ముందు వరసలో ఎత్తు వీపుల సోఫాలు వద్దు, వాటి వెనక కూర్చున్నవాళ్ల పని అయిపోతుంది. ఇంట్లో అందరూ మాట వినే పెద్దమనిషి ఒకరిని మండపం దగ్గర నిలబెట్టండి. పెళ్లికూతురి మేనత్తగారైతే మరీ మంచిది. మా కుర్రాళ్లు చెప్తే ఎవరూ వినరు, ఆవిడ చెప్తే వింటారు.

"స్క్రీన్ పెట్టాం కదండీ" అంటారు కొందరు. స్క్రీన్ భోజనాల దగ్గరున్నవాళ్ల కోసం. మండపం ముందు కూర్చున్నవాళ్లు కూడా స్క్రీనే చూడాల్సివస్తే, అక్కడ మండపం వేసినవాళ్లు సరిగ్గా వేయలేదనే అర్థం.

అపోహ: పూలు ఎంత ఎక్కువైతే అంత రిచ్‌గా ఉంటుంది

కడియపులంక పూల మార్కెట్, కడియం నర్సరీలు చేతికందే దూరంలో ఉండడం మనవాళ్ల అదృష్టం. అయితే ముహూర్తాల రోజుల్లో ఆ మార్కెట్‌లో ధర ఒక్కసారిగా ఎగురుతుంది. లెక్క లేకుండా పూలు చెప్పేసినవాళ్లకి ఆ రోజే తెలుస్తుంది.

ఎన్ని పూలన్నది తర్వాత. ఏ కాలానికి, ఏ వేళకి ఏ పువ్వన్నది ముందు చూసుకోవాలి. మల్లెలు వేసవివి, చామంతి చలికాలానిది. వైశాఖంలో పెళ్లి పెట్టుకుని మండపమంతా చామంతే కావాలంటే ఎక్కడో దూరం నుంచి తెప్పించాలి, దారిలోనే సగం వాడుతుంది. మల్లెమొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది. రాత్రి ముహూర్తానికి అంతకంటే గొప్ప పువ్వు లేదు. బిగువుగా ఉన్న మొగ్గలే ఏరి కట్టి, అరిటాకులో చుట్టి, పైన తడిగుడ్డ కప్పి ఉంచితే సరిగ్గా పీటల మీద కూర్చునే వేళకి వాసన లేస్తుంది. అదే మల్లె మర్నాడు పొద్దున పదింటి ముహూర్తానికి రంగు మారి వేలాడుతుంది. పగటి పెళ్లికి కనకాంబరం మంచిది. వాసన లేకపోయినా త్వరగా వాడదు. మధ్యమధ్య మరువం, దవనం కలిపితే వాసన లోటూ తీరుతుంది.

నన్నడిగితే పూలు మూడుచోట్ల చాలు: గుమ్మానికి, మండపం స్తంభాలకి, పెళ్లికూతురి జడకి. వెనక గోడ నిండా పూలు పోస్తే ముందు కూర్చున్న ఇద్దరూ అందులో కలిసిపోతారు. మిగతా చోట్లకి కడియం నుంచి కుండీల్లో మొక్కలు తెప్పించుకోండి. పెళ్లయ్యాక తలా ఒకటి ఇంటికి పట్టుకెళ్లొచ్చు. వాకిట్లోకి అరటిచెట్లు మాత్రం గెలా పువ్వూ ఉన్నవే పెట్టించండి. రావులపాలెం అరటి మార్కెట్‌ని దగ్గర పెట్టుకుని ప్లాస్టిక్ అరటాకులు తగిలిస్తే చూడటానికి మనసొప్పదు.

అపోహ: థర్మోకోల్‌తో చేయిస్తే తేలిక, చవక

అలంకరణకి థర్మోకోల్ వాడకం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. శుభలేఖలకి చుట్టే ప్లాస్టిక్ పొరా ఆ జాబితాలోనే ఉంది. ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి.

అపోహ: రంగురంగుల లైట్లుంటేనే ఫొటోలు బాగా వస్తాయి

పెళ్లిలో రంగులు మనకి ముందే ఉన్నాయి. మధుపర్కాల తెలుపు, వాటి ఎర్ర అంచు, పసుపు, కుంకుమ, మామిడాకు పచ్చ. వాటి మీద ఊదారంగు లైటు పడితే తెలుపు ఊదాగా, పసుపు బురదగా వస్తాయి, ముఖాలు పాలిపోతాయి. తర్వాత ఆల్బమ్‌లో ఎంత దిద్దినా పూర్తిగా పోదు. పీటల మీద లేత పసుపు ఛాయ ఉన్న తెల్ల లైటు ఒక్కటే ఉండాలి. రంగులు కావాలనుకుంటే బయట కొబ్బరిచెట్లకి పెట్టించుకోండి, అక్కడ బాగుంటాయి.

అపోహ: కొబ్బరాకు పందిరి ఖర్చు తక్కువ

ఆకు ఖర్చు తక్కువే, చేతిపని ఖర్చు ఎక్కువ. మట్టలు చీల్చి అల్లేవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు, ముందుగా చెప్పుకోకపోతే దొరకరు. మరీ ముందు అల్లిస్తే పచ్చదనం పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల ముందే అల్లించాలి. అయినా వేసవి పెళ్లికి నేను దీన్నే చెప్తాను. గుడ్డ సీలింగ్ కింద వేడి నిలిచిపోతుంది, పచ్చాకు పందిట్లో గాలి ఆడుతుంది. ఎండిన తాటాకు కప్పు అయితే హోమగుండం పైన బాగా ఎత్తు వదలాలి, కరెంటు తీగలు ఆకుకి తగలకూడదు, ఇసుక బకెట్లు పక్కనే ఉండాలి.

అపోహ: గోదారి గట్టున పెళ్లి ఎప్పుడైనా పెట్టుకోవచ్చు

మాఘ, ఫాల్గుణాల్లో పెట్టుకుంటే అంత అందమైన చోటు ఇంకోటి లేదు. ఆషాఢం వెళ్లాక శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేసరికి వరదల కాలం వచ్చేస్తుంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య లంక ఊళ్లకి కాజ్‌వేలు మునిగి పడవ తప్ప దారుండదు. ఆ రోజుల్లో గట్టు మీద పెళ్లనుకుంటే పట్నంలో ఒక హాలు కూడా మాట్లాడి ఉంచుకోండి. వంట సామాను లారీ ఏ దారిన వస్తుందో అన్నది ఇంకా ముందు చూసుకోవాలి.

అపోహ: పేర్లలోని మొదటి అక్షరాలు అన్నిచోట్లా వేయిస్తే పెళ్లి మనదిలా ఉంటుంది

గేటు మీద, మంచినీళ్ల సీసా మీద, టిష్యూ మీద అక్షరాలు వేయిస్తారు. అవి ఏ జంటకైనా వేయొచ్చు. నేను పెళ్లివారిని అడిగేది ఒకటే: మీ ఇంట్లో చేతిపని ఎవరికి వచ్చు? నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. పెద్దమ్మో, పిన్నో అల్లిన లేసుని అడ్డుతెర అంచుకి కుట్టిస్తే ఆ తెర ఇంకే పెళ్లిలోనూ ఉండదు. ముగ్గు బాగా వేసే అత్తగారుంటే వాకిలి ఆవిడకే వదిలేయండి, మేం స్టిక్కర్ ముగ్గు తీసుకురాం.

వచ్చినవాళ్లకిచ్చే కానుకా అంతే. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మనింటి పెళ్లికి వచ్చినవాళ్లకి స్టీలు డబ్బా కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది. వానాకాలమైతే రేకు తేమకి మెత్తబడుతుంది కాబట్టి పెళ్లికి ముందురోజే చుట్టించి, గాలి చొరబడని డబ్బాల్లో పెట్టించండి. ఆ డబ్బాలు వేడి వేడి భోజనాల గిన్నెల పక్కన కాకుండా, చల్లగా ఉన్న గదిలో ఉంచమని వంటవాళ్లకి ముందే చెప్పాలి.