వాసన ఆగిపోయిన ట్యాంకు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు ఉన్నవాళ్ళకి రాత్రి రెండింటికి కరెంటు పోవడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నీళ్ళలోకి గాలి కొట్టే ఎయిరేటర్ల చప్పుడు ఆగిందంటే గాఢనిద్రలో ఉన్నవాడికి కూడా మెలకువ వచ్చేస్తుంది. జనరేటర్ దగ్గరికి పరుగు. ఆలస్యమై డీవో పడిపోతే, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ తగ్గిపోతే, తెల్లారేసరికి పంట పోయినట్టే. అడుగున నల్లమట్టి చేరిన చెరువైతే టెన్షన్ రెట్టింపు. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి ఆ మట్టిని పారతో తిరగేసినప్పుడు లేచే మురిగిన గుడ్డు కంపు ఆ ఊళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఫ్యాక్టరీ వ్యర్థజలాల శుద్ధి గురించి చెప్పాలంటే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఆ రొయ్యే లారీ ఎక్కి ప్రాసెసింగ్ ప్లాంటుకి వెళ్తుంది. తల తీసి, తొక్క ఒలిచి, కడిగి, మళ్ళీ కడిగి ఐసులో పెడతారు. ఆ కడిగిన నీళ్ళన్నీ వెనకవైపున్న ఈటీపీకి, అంటే వ్యర్థజలాల శుద్ధి ప్లాంటుకి, చేరతాయి. అక్కడ కూడా గాలి ఆడినంతసేపూ అంతా బాగానే ఉంటుంది, ఆగితే అడుగు నల్లబడుతుంది. కాకపోతే చెరువు మీద ఆకాశం ఉంటుంది, ట్యాంకు మీద సిమెంటు శ్లాబు ఉంటుంది. ఈటీపీల్లో మనుషులు చనిపోయేది ఎక్కువగా అది బ్రహ్మాండంగా నడుస్తున్నప్పుడు కాదు. మోటార్లు ఆపి, మూత తీసి, "కాస్త శుభ్రం చేద్దాం" అనుకున్న రోజున.

లోపల ఏముంటుందో త్వరగా చెప్పేస్తాను. ముందు జల్లెడ, దానికి తొక్కలు ఆగిపోతాయి. తర్వాత నూనె, కొవ్వు పైకి తేల్చి తీసేసే గది. ఆపైన ఈక్వలైజేషన్ ట్యాంకు, అంటే పగలు వచ్చే చిక్కటి నీళ్ళనీ, రాత్రి ఫ్లోరు కడిగిన పల్చటి నీళ్ళనీ ఒకచోట కలిపి నిలవ ఉంచేది. అక్కణ్ణుంచి ఏరియేషన్ ట్యాంకు. అడుగునున్న డిఫ్యూజర్లలోంచి, అంటే గాలిని బుడగలుగా వదిలే గొట్టాల్లోంచి, బ్లోయర్ గాలి ఊదుతుంటే కోట్లాది బ్యాక్టీరియా నీళ్ళలోని మాంసకృత్తుల్ని తిని బలుస్తుంది. చివర్న క్లారిఫైయర్. అందులో ఆ బ్యాక్టీరియా స్లడ్జ్‌గా అడుక్కి దిగుతుంది, పైన తేటనీరు పొర్లిపోతుంది. దిగిన స్లడ్జ్‌లో కొంత మళ్ళీ ఏరియేషన్‌కి పంపుతారు, పాలల్లో తోడు వేసినట్టు. ఈ తోడు కిటుకు 1914లో మాంచెస్టర్‌లో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు కెమిస్టులు బయటపెట్టారు. బురద పారబోయకుండా అందులోనే కొత్త మురుగునీళ్ళు పోసి గాలి ఊదుతూ పోతే వారాల పని గంటల్లోకి వచ్చింది. వాళ్ళకి దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగళూరు ఐఐఎస్సీకి వచ్చి పనిచేశారు. వందేళ్ళు దాటినా అసలు పద్ధతి అదే.

అనుభవమున్న ఆపరేటర్ ఈ ట్యాంకుని మీటర్లకంటే ముందు కళ్ళతో చదువుతాడు. లీటరు కొలజాడీలో నీళ్ళు పట్టి గట్టుమీద పెట్టి, 30 నిమిషాలయ్యాక వచ్చి చూస్తాడు. స్లడ్జ్ చాక్లెట్ రంగులో ఉండి, వాన పడ్డ మట్టి వాసనొస్తూ, చక్కగా అడుక్కి దిగి, పైన తేట కనిపిస్తే ఆ షిఫ్టు ప్రశాంతం. రంగు నల్లబడి ముక్కు ముడుచుకునే కంపు వచ్చిందంటే గాలి చాలట్లేదని అర్థం. బ్లోయర్ బెల్టు జారుతోందో, డిఫ్యూజర్లు పూడుకుపోయాయో చూడాలి.

అసలు గాలి ఆగితే ఏం జరుగుతుంది? ఏరియేషన్ ట్యాంకులో లీటరుకి 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చాలని నడుపుతారు. ఆకలిమీదున్న బ్యాక్టీరియాకి అది నిమిషాల మీద అయిపోతుంది. ఆ తర్వాత నైట్రేట్‌లోని ఆక్సిజన్ లాక్కుంటుంది. అదీ అయిపోతే ఆక్సిజన్ బదులు సల్ఫేట్‌తో బతికే ఇంకో జాతి బ్యాక్టీరియా రాజ్యం మొదలవుతుంది. అది వదిలేది హైడ్రోజన్ సల్ఫైడ్, మన మురిగిన గుడ్డు వాసన. రొయ్యల ప్లాంటు నీళ్ళలో దీనికి కావలసిన సరుకంతా ఉంటుంది. మాంసకృత్తుల్లో గంధకం ఉంటుంది. రొయ్య నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైట్‌లో గంధకం ఉంటుంది. ఉప్పునీళ్ళు కలిశాయా, సముద్రపు నీటి లీటరులో సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. నాలుగు రోజులు సెలవులకి ప్లాంటు ఆపి, కరెంటు ఖర్చని బ్లోయర్ కూడా ఆపేస్తే ట్యాంకు అడుగున వంట మొదలైనట్టే.

ఇక్కడే ఒక చిక్కుంది. తయారైన సల్ఫైడ్ అంతా వెంటనే పైకి రాదు. నీటి పీహెచ్, అంటే పులుపు-క్షారాల కొలత, 9 ఉంటే వంద భాగాల్లో దాదాపు ఒక భాగమే వాయువు రూపంలో ఉంటుంది, మిగతాది నీళ్ళలో కరిగి కూర్చుంటుంది. పీహెచ్ 7 దగ్గర సగం సగం. 5కి దించితే దాదాపు మొత్తం వాయువే. అందుకే కొన్నాళ్ళుగా నిలవున్న సంపులో "పీహెచ్ సరిచేద్దాం" అని యాసిడ్ పోయడం ఎంత చిన్న పనిలా కనిపిస్తుందో అంత ప్రమాదం. యాసిడ్ లేకపోయినా, స్లడ్జ్‌ని పారతోనో నీటిపైపుతోనో కదిలిస్తే చాలు. గోలీసోడాలో గోలీ లోపలికి నొక్కే వరకు నీళ్ళు ఎంత అమాయకంగా ఉంటాయో గుర్తుచేసుకోండి. ట్యాంకు మూత తీసినప్పుడు వాసన పెద్దగా రాలేదని దిగినవాడు, దిగాక కాలితో బురద కదుపుతాడు. గోలీ నొక్కేది అతనే.

ఎంత వాయువు కావాలి? అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఖాళీ ఉన్న ట్యాంకు తీసుకుందాం. అందులో గాలి 50 ఘనమీటర్లు. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ 1,000 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో వెయ్యి భాగాలు, అవ్వాలంటే లెక్క వేస్తే సుమారు 70 గ్రాములు. ఓ పెద్ద కోడిగుడ్డు బరువు. 1,000 పీపీఎం అంటే ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కూలిపోయే మోతాదు. సైనైడ్ చేసే పనే ఇదీ చేస్తుంది: రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేకుండా అడ్డుపడుతుంది.

"కంపు కొడితే బయటికొచ్చేస్తాం కదా" అని చాలామంది ధైర్యం. ఈ వాయువు దగ్గర ముక్కు మోసం చేస్తుంది. ఒక పీపీఎంలో చిన్న వంతు ఉన్నా మనకి వాసన తెలుస్తుంది, నిజమే. కానీ 100 పీపీఎం దాటుతుంటే కాసేపట్లోనే వాసన పట్టే నరాలు మొద్దుబారిపోతాయి. కంపు ఆగిపోతుంది. లోపలున్నవాడికి "హమ్మయ్య, గ్యాస్ తగ్గిందిరా" అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఆ వాయువు పెరుగుతూ ఉండవచ్చు. పైగా ఇది గాలికంటే కాస్త బరువు, కాబట్టి గట్టుమీద నిలబడ్డవాడికి ఏమీ తెలియకపోయినా నిచ్చెన కింది మెట్ల దగ్గర పేరుకుని ఉండవచ్చు.

2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేసే పనిలో విషవాయువు పీల్చి అయిదుగురు కార్మికులు చనిపోయారు. ఇలాంటి వార్త చదివినప్పుడు నేను ముందు చూసేది ఆ అంకెనే. ఒక్కరు అని చాలా అరుదుగా ఉంటుంది. ముగ్గురు, నలుగురు, అయిదుగురు. మూసిన చోట్లలో జరిగే మరణాల మీద పనిచోట భద్రత మీద పరిశోధించే అమెరికాలోని నియోష్ సంస్థ 1986లో చేసిన హెచ్చరికలో ఒక మాట ఉంది: చనిపోయినవాళ్ళలో నూటికి 60 మందికి పైగా రక్షించడానికి వెళ్ళినవాళ్ళే. మొదటివాడు కళ్ళముందు పడిపోతాడు. పైనున్నది అన్నో, బావమరిదో, ఒకే ఊరివాడో. కరెంటు షాకేమో, కాలు జారిందేమో అనుకుని దూకేస్తాడు. అతని వెనక మూడోవాడు. దాన్ని తెలివితక్కువతనమనడానికి నాకు మనసొప్పదు. అలాంటి చోట ఆగగలగడం ముందే నేర్పితే తప్ప వచ్చే గుణం కాదు.

మన చట్టానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు. అర్హత ఉన్న వ్యక్తి స్వయంగా పరీక్షించి, లోపల ప్రమాదకరమైన వాయువులు లేవని కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. లేదంటే దిగేవాడు గాలి అందించే పరికరం పెట్టుకుని, నడుముకి బెల్టు, బెల్టుకి తాడు కట్టుకోవాలి, ఆ తాడు రెండో కొస బయటున్న మనిషి చేతిలో ఉండాలన్నారు. లోపలికి తీసుకెళ్ళే చేతి లైటు 24 వోల్టులకి మించకూడదని కూడా రాశారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడే ఇంత వివరంగా రాసుకున్నాం. ఈటీపీ నుంచి కాలువలోకి వెళ్ళే నీటిలో ఎంత మురికి మిగిలిందో చెప్పే కొలతలు బీవోడీ, సీవోడీ. అవి లీటరుకి 30, 250 మిల్లీగ్రాములు దాటకూడదని కాలుష్య నియంత్రణ బోర్డువాళ్ళు వచ్చి శాంపిల్ పడతారు, మేనేజర్లకి ఆ అంకెలు నోటికొచ్చు. లోపలికి దిగేటప్పుడు ఆక్సిజన్ ఎంత ఉండాలో అడగండి, ఎంతమంది చెబుతారో చూద్దాం.

మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. నాలుగు వాయువుల మీటరు అని చేతిలో పట్టే పరికరం ఒకటి దొరుకుతుంది. అది ఆక్సిజన్, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ నాలుగూ చూపిస్తుంది. మూత దగ్గర పెట్టి చూస్తే సరిపోదు. మీథేన్ తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ కిందకి దిగుతుంది. అందుకే దానికి ట్యూబు తగిలించి పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా ఆగి ఆగి కొలవాలి. బురద కదిలాక పొద్దున్న తొమ్మిదింటి రీడింగు పదింటికి పనికిరాదు కాబట్టి, దిగినవాడి జేబుకి కూడా ఒక మీటరు ఉండాలి. పాత బావిలో దిగేముందు లాంతరు దించి చూసే అలవాటు మన పల్లెల్లో ఉంది. అది ఆక్సిజన్ బాగా తగ్గితే చెబుతుంది, అంతే. విషవాయువు ఉంటే చెప్పదు. మీథేన్ గాలిలో 5 శాతం దాటి ఉంటే ఆ లాంతరే ట్యాంకుని పేల్చేస్తుంది. మూతికి తడిగుడ్డ కట్టుకోవడం, సర్జికల్ మాస్కు పెట్టుకోవడం దండగ. సిలిండర్ తెచ్చి ఆక్సిజన్ వదలడం ఇంకా ఘోరం, చిన్న నిప్పురవ్వకి అంతా భగ్గుమంటుంది. మామూలు గాలినే, పెద్ద ఫ్యానుతో, గొట్టం అడుగుదాకా దించి ఊదాలి. దిగకముందు నుంచీ, పైకి వచ్చేదాకా.

గాలి తర్వాత కరెంటు. 2023 జులై 19న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో, అలకనంద ఒడ్డున ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో 16 మంది చనిపోయారు. అక్కడ వాయువేమీ లేదు. రాత్రి కాపలావాడు కరెంటు షాక్‌తో చనిపోయాడు. పొద్దున్న పంచనామా కోసం పోలీసులు, ఊరివాళ్ళు గుమికూడారు. లైనులోకి మళ్ళీ కరెంటు వచ్చింది, ఇనప రెయిలింగులకి పాకింది. ఎవరో ఒకరు స్విచ్ ఆపడం వేరు, దానికి తాళం వేసి చెవి జేబులో పెట్టుకోవడం వేరు. పనిచేసే ప్రతివాడూ తన తాళం తనే వేసి, పైకొచ్చాక తనే తీయాలనే పద్ధతి పెట్టింది అందుకే. వాల్వులకీ ఇదే వర్తిస్తుంది. సంపులో మనిషి ఉండగా పక్క సెక్షన్‌లో ఎవరో తెలియక పంపు వేస్తే కొత్త మురుగు నేరుగా అతని మీదకే వస్తుంది.

కెమికల్స్ షెడ్డు గురించి ఒక్క మాట. యాసిడ్ డ్రమ్ము, హైపో (క్రిములు చంపే సోడియం హైపోక్లోరైట్) డ్రమ్ము పక్కపక్కన పెట్టిన షెడ్లు చాలా చూశాను, రెండూ ఒకే నీలం రంగు, చినిగిన లేబుళ్ళు. హైపోలో యాసిడ్ పడితే వచ్చేది క్లోరిన్. లోహపు పూత వేసే ప్లేటింగ్ యూనిట్లలో సైనైడ్ నీళ్ళు, యాసిడ్ నీళ్ళు వేర్వేరు పైపుల్లో తెచ్చి, సైనైడ్‌ని పీహెచ్ 10 పైన ఉంచే శుద్ధి చేస్తారు. రెండూ కలిస్తే ప్రాణాలు తీసే సైనైడ్ వాయువు లేస్తుందని తెలుసు కాబట్టి. వేర్వేరు గట్లు కట్టి డ్రమ్ములు దూరంగా పెట్టడానికి అయ్యేది ఓ మేస్త్రీ రెండు రోజుల కూలి.

కూలి అంటే గుర్తొచ్చింది. ట్యాంకు కడిగే కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు ముందు కోత పడేది తాడు పట్టుకునే మనిషి మీదే. "వాడు ఊరికే నిలబడతాడు కదండీ, వాణ్ణి కూడా లోపలికి దింపితే సాయంత్రానికి అయిపోద్ది" అంటాడు కాంట్రాక్టర్. ఊరికే నిలబడటమే అతని పని. మూడు కాళ్ళ స్టాండు, దానికి చేత్తో తిప్పే చక్రం, చక్రానికి తీగ, తీగ చివర లోపలివాడి భుజాల పట్టీ. రెండు నిమిషాలకోసారి పేరుపెట్టి పిలుస్తాడు. బదులు రాకపోతే అరిచి మనుషుల్ని పిలిచి చక్రం తిప్పుతాడు. లోపలికి మాత్రం తల కూడా పెట్టడు. ఎండలో పొద్దుటినుంచీ నిలబడి, "సుబ్బారావు, ఉన్నావా?" "ఆఁ, ఉన్నా." మళ్ళీ రెండు నిమిషాలు.