మదర్‌బోర్డు స్లాట్లు ఎందుకు మారుతూ వచ్చాయి?

1981లో ఐబీఎం తన పీసీలో పెట్టిన విస్తరణ స్లాట్ (అదనపు కార్డులు గుచ్చే గాడి) ఒకసారికి 8 బిట్లు మోసేది. నడిచేది ప్రాసెసర్ వేగంతోనే, అంటే 4.77 మెగాహెర్ట్జ్. 1984లో ఏటీ నమూనాతో అది 16 బిట్లకు పెరిగింది. ఈ స్లాటుకు ఐఎస్‌ఏ అనే పేరు తర్వాత పోటీ కంపెనీలు పెట్టింది. ఆపై ప్రాసెసర్లు 33 మెగాహెర్ట్జ్ దాటినా, అప్పటికే జనం కొన్న కార్డులు పనిచేయాలి కాబట్టి స్లాట్ మాత్రం 8 మెగాహెర్ట్జ్ దగ్గరే నిలిచిపోయింది.

1987లో ఐబీఎం మైక్రో చానల్ అనే కొత్త స్లాట్ తెచ్చింది. 32 బిట్లు, జంపర్లతో (కార్డు మీద చేత్తో మార్చే చిన్న పిన్నులతో) కుస్తీ అక్కర్లేని అమరిక, నిస్సందేహంగా మెరుగైనదే. కానీ పాత కార్డులు అందులో పట్టవు, ఇతర తయారీదారులు వాడుకోవాలంటే లైసెన్సు రుసుము కట్టాలి. మరుసటి ఏడాదే కాంపాక్ ముందు నిలబడగా తొమ్మిది కంపెనీలు ఈఐఎస్‌ఏ అనే పోటీ స్లాటును ప్రకటించాయి. పాత కార్డులనూ స్వీకరించే ఆ స్లాట్ ఖరీదు వల్ల ఎక్కువగా సర్వర్లకే పరిమితమైంది. వేగంలో ఓడిన ఐఎస్‌ఏ బజారులో మాత్రం గెలిచింది!

దాన్ని నిజంగా కదిలించింది బొమ్మల తెర. 256 రంగుల్లో 1024×768 తెరను ఒక్కసారి నింపాలంటే 768 కిలోబైట్లు కావాలి. 1992లో వచ్చిన వెసా (VESA) లోకల్ బస్ ఈ బరువు మోసింది (బస్ అంటే సమాచారం నడిచే తీగల దారి) కానీ, 486 ప్రాసెసర్ తీగలకే అతుక్కుని పుట్టింది. తర్వాతి ప్రాసెసర్ పెంటియం రాగానే దాని పని అయిపోయింది. 1992లోనే ఇంటెల్ తెచ్చిన పీసీఐ మధ్యలో వారధి చిప్పు పెట్టుకుంది. అవతల ఏ ప్రాసెసర్ ఉన్నా దానికి పట్టదు కాబట్టి మాకింటోష్‌లలోకీ వెళ్లింది.

పీసీఐ గరిష్ఠ వేగం సెకనుకు 133 మెగాబైట్లు. అదీ కార్డులన్నీ పంచుకోవాలి. గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు ఒక్కటే ఒక దిశలో 125 అడగగలదు. గ్రాఫిక్స్‌కు 1997లో ఏజీపీ పేరుతో వేరే దారి వేశారు. మిగతా కార్డుల ఇరుకు అలాగే ఉంది.

వేగం పెంచితే సరిపోదా? చిక్కంతా ఇక్కడే. 32 తీగల మీద ఒకేసారి బయల్దేరిన బిట్లు ఒకేసారి చేరవు. 33 మెగాహెర్ట్జ్‌లో గడువు 30 నానోసెకన్లు, ఆ తేడా పెద్దగా బాధించదు. వేగం పెరిగేకొద్దీ గడువు కుంచించుకుపోతుంది. తీగకు తగిలించిన ప్రతి కార్డూ సంకేతాన్ని బలహీనపరుస్తుంది కూడా. పీసీఐకి వేగం పెంచిన రూపమైన పీసీఐ-ఎక్స్ 133 మెగాహెర్ట్జ్‌లో నడిస్తే ఆ బస్సు మీద ఒక్క స్లాటే పెట్టాల్సివచ్చింది.

అందుకే 2003 నాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉమ్మడి దారిని వదిలేసింది. ప్రతి స్లాటుకూ సొంత లేన్లు, అంటే వేరే ఎవరితోనూ పంచుకోని తీగల దారులు. బిట్లు వరుసగా ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి, ఏ బిట్ ఎప్పుడు చదవాలో చెప్పే గడియార సంకేతం సమాచారంలోనే కలిసి ఉంటుంది. లేనుకు ఒక్కో దిశలో సెకనుకు 250 మెగాబైట్లు.

2007, 2010, 2017, 2019, 2022ల్లో కొత్త తరాలు వచ్చి, ప్రతిసారీ వేగం దాదాపు రెట్టింపైంది. 2010లోనైతే లేనుకు సంకేతాల రేటు సెకనుకు 500 కోట్ల నుంచి 800 కోట్లకే పెరిగింది. మిగతా లాభం సమాచారం కాని వృథా బిట్లను 20 శాతం నుంచి రెండు శాతం లోపుకు తగ్గించడం వల్ల వచ్చింది. కొత్త ఎక్స్‌ప్రెస్ స్లాటులో పాత తరం ఎక్స్‌ప్రెస్ కార్డు ఇప్పటికీ పనిచేస్తుంది. ఐబీఎం 1987లో ఇవ్వనిది ఇదే.

ఇప్పటి ఇబ్బంది బోర్డు మీది రాగిదే. ఇంత వేగంలో సంకేతం కొద్ది దూరానికే నీరసిస్తోంది. దాంతో దారి మధ్యలో సంకేతాన్ని తిరిగి చక్కబరిచే చిప్పులు పెడుతున్నారు. ఆరో తరంలో రెండు స్థాయిలకు బదులు నాలుగు వోల్టేజి స్థాయిలు వాడి, వాటితో వచ్చే పొరపాట్లను దిద్దే ఏర్పాటునూ స్లాట్ ప్రమాణంలోనే చేర్చారు.